దొరసాని నడుం మీద వాతలు

దొరసాని తల మాత్రం పెట్టెలోకి పెట్టి, వెనక కాళ్ళు ఇసుకలోనే నిలదొక్కుకుని ఉంది. లోపల వేసిన ఖుబ్బూసు రొట్టె ముక్కకూ దాని మూతికీ ఇంకా మూరెడు దూరం. మెడ సాచింది. అందలేదు. తల బయటికి తీసి రామాంజనేయులు వైపు చూసింది.

"నా మొగం ఏం చూస్తావే? కావాల్నంటే పో లోపలికి," అన్నాడతను, తల తిప్పకుండానే.

తన పని తను చేసుకుంటున్నట్టు ఉండాలి. పెట్టె వైపు చూశాడంటే అది అనుమానపడి గొర్రెల దొడ్డి వెనక్కి వెళ్ళిపోతుంది. అందుకే చిరిగిన బార్లీ గోతాన్ని మోకాళ్ళ మీద వేసుకుని దబ్బనంతో కుడుతూ కూర్చున్నాడు. కువైట్‌లోని కబ్ద్ ఎడారిలో చలికాలపు ఎండ వీపుకు హాయిగా ఉంది. నాలుగు కుట్లు పడ్డాక వెనక ప్లాస్టిక్ మీద గోళ్ళ చప్పుడైంది. ఒక కాలు. కాసేపటికి ఇంకోటి. తర్వాత నములుతున్న చప్పుడు.

అప్పుడు మెల్లగా చెయ్యి వెనక్కి చాచి ఇనుప తలుపు మూశాడు. గడియ వెయ్యలేదు. చువ్వల సందులోంచి ఇంకో ముక్క అందించాడు. అది తిన్నాక తలుపు తెరిచాడు.

తలుపు పడితే రొట్టె వస్తుంది. కుక్కకు నేర్పుతున్నది అంతే. ఎలా నేర్పాలో అరుణజ్యోతి చెప్పింది. ఆమెది కడప. మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో లెక్కలు రాస్తుంది, సెలవు రోజుల్లో కుక్కల షెల్టర్‌కు పని చేస్తుంది. దొరసానిని పెంచుకుంటానని కెనడాలో ఒకామె ఒప్పుకుందనీ, గురువారం పొద్దున విమానమనీ, అటు వెళ్ళే ప్రయాణికురాలు ఒకరు తనతో పాటు పెట్టెను తీసుకుపోతారనీ చెప్పినప్పుడు, రామాంజనేయులు నమ్మలేక ఇంకోసారి చెప్పించుకున్నాడు.

పాల బకెట్టు పట్టుకుని ఒంటెల కొట్టంలోంచి దేవన్న వచ్చాడు. అతనిది జగిత్యాల పక్క పల్లె. ఈ మజ్రాలో, అంటే ఈ ఫారంలో, ఒంటెలు అతనివి, గొర్రెలు రామాంజనేయులివి.

"ఏందే రామాంజులన్నా, బిడ్డెకు పల్లకి తయారు చేస్తున్నవా?"

"చేస్తాండాలే. నువ్వు మొయ్యడానికి వస్తావా?"

"కుక్కకేమో విమానం టికెట్టు. మనం ఛుట్టీ అడుగుతె బాబా రంజాన్ అయినంక అంటడు. ఏ రంజానో చెప్పడు." దేవన్న బకెట్టు దించి, చిప్పలో కొన్ని పాలు వంచి పెట్టె ముందర పెట్టాడు. "తాగవే దొరసానీ. కెనడల గీ ఒంటె పాలు యాడ దొర్కుతయ్ నీకు!"

అతను అటు వెళ్ళేదాకా ఆగి దొరసాని వచ్చి పాలు నాకింది. దేవన్న మంచివాడని దానికి తెలుసు, అయినా దగ్గరికి పోదు. షెల్టర్ వాళ్ళు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారీ చిక్కలేదు. అది వచ్చేది ఒక్క రామాంజనేయులు పిలిస్తేనే.

వీళ్ళు బాబా అని పిలిచే యజమాని పోయిన శుక్రవారం మనవలతో వచ్చాడు. పిల్లలు దాన్ని చూసి కారు దిగనన్నారు. ఆయన కోప్పడలేదు. ఈ నెల దాటకూడదని మాత్రం అన్నాడు. "కల్బ్, ఖలాస్." కుక్క పని ముగిసిపోవాలని. ఇంతకు ముందున్న నల్లకుక్క విషయంలోనూ ఆ మాటే అన్నాడు. మర్నాడు డ్రైవరు పసుపు కవరులో మాంసం తెచ్చి పడేశాడు. ఆ కుక్కను ఇసుకలో పూడ్చింది వీళ్ళిద్దరే.

*

మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తింటూ రేకుల షెడ్డు నీడలో కూర్చున్నారు. దేవన్న ఫోను చూస్తూ చూస్తూ ఆగిపోయాడు. రామాంజనేయులు ముఖం వైపు, అతని స్వెట్టరు వైపు చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు.

"అన్నా, గిది మన కాడ తీసిందేనా?"

కువైట్ తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో పంపిన వీడియో అది. దొడ్డి కంచె, నీళ్ళ ట్యాంకరు, ఇసుక. చిలకపచ్చ స్వెట్టరు వేసుకున్న మనిషి వెనక నుంచి కనిపిస్తున్నాడు. ముఖం పక్కకు తిరిగినచోట మసక చేశారు. అతను చెయ్యి పైకెత్తాడు. ఎదురుగా ఉన్న కుక్క పొట్ట నేలకు ఆనించి నక్కింది. అంతటితో ఆ బొమ్మ పోయింది. తర్వాత దొరసాని నడుం మీది వాతలు, తెరనిండా, దగ్గరగా. కింద ఇంగ్లీషు అక్షరాలు, వెనక ఏడుపు లాంటి సంగీతం.

"చెయ్యెత్తింది నువ్వే గదా?"

"నేనే. రొట్టె ఇసరడానికి. అది అట్ల పండుకుంటాది గదా ప్రతిసారీ, ఎగిరి పట్టుకునే ముందర."

"మరి రొట్టేది?"

మళ్ళీ వేశాడు. రొట్టె లేదు. చెయ్యి లేస్తుంది, కుక్క నక్కుతుంది, వాతలు వస్తాయి.

వీడియో కింద ఎవరిదో గొంతు ఉంది. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం తెలుగులో చెప్పి పెట్టాడు. దేవన్న ఆపేలోపలే అది మొదలైంది. "అన్నలారా, ఇది చూడండి. కబ్ద్‌లో ఫారంలో పని చేసేవాడు మూగజీవాన్ని కాలిన ఇనుముతో హింసించినాడంట. షెల్టర్ మేడములు దేవతల మాదిరి వచ్చి కాపాడినారంట. వాడు మన తెలుగోడే అంటున్నారు. సిగ్గుచేటు. ఎవరైనా గుర్తు పడితే పేరు పెట్టండి."

దేవన్న ఫోను బోర్లా పెట్టాడు.

"ఎవ్వల్జెప్పిన్రు గీ లంగ మాటలు? నీ వెనకాల నిలబడి ఎవ్వలు తీసిన్రు?"

తీసింది అరుణజ్యోతి. కెనడా ఆమెకు పంపాలి, నువ్వు దాన్ని ఎలా ఆడిస్తావో చూపించాలి అన్నది. అతను పోయి ముఖం కడుక్కుని, దుమ్ము స్వెట్టరు విప్పి ఈ మంచి స్వెట్టరు వేసుకుని వచ్చాడు.

"ఎవురో లే," అన్నాడు రామాంజనేయులు. చేతిలో ముద్ద ఆరిపోయింది. దాన్ని దొరసానికి వేద్దామని చెయ్యి ఎత్తబోయి దించేశాడు. కంచం తీసుకుపోయి దాని ముందర పెట్టి వచ్చాడు.

వాతలు పెట్టింది తనే. పోయిన చలికాలం అది వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ ట్యాంకరు కిందికి చేరింది. మేకలకు నడుం పడిపోతే వాళ్ళ ఊళ్ళో చేసేదే చేశాడు. కొడవలి మొన ఎర్రగా కాల్చి మూడు చోట్ల అంటించాడు. ఈ సంగతి అరుణజ్యోతి అడిగితే దాచకుండా చెప్పాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆ తర్వాత, "మా తాత కూడా ఎద్దులకు పెట్టేవాడన్నా. నీకు తెలిసింది నువ్వు చేసినావు," అంది. ఆ మాటకు అతనికి గుండె తేలికైంది.

*

మంగళవారం సాయంత్రం అరుణజ్యోతి కారు తెచ్చింది. ప్రయాణానికి ముందు కుక్కను అల్ రాయ్‌లో డాక్టరుకు చూపించాలి. దొరసానిని పట్టుకుని రామాంజనేయులు వెనక సీట్లో కూర్చున్నాడు. అది అతని తొడ మీద గడ్డం ఆనించి, కారు మలుపు తిరిగినప్పుడల్లా గోళ్ళు దిగేసింది.

"నువ్వు లేకుంటే ఈ పని అయ్యేదే కాదన్నా," అంది ఆమె, అద్దంలో చూస్తూ.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. గోదాములు, కార్ల షోరూములు వెనక్కి పోతున్నాయి.

డాక్టరు ఈజిప్టువాడు, పెద్దాయన. స్టెతస్కోపు గుండ్రాన్ని అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి అప్పుడు దొరసాని రొమ్ముకు ఆనించాడు. అది రామాంజనేయులు చంకలో ముఖం దూర్చింది గాని కదల్లేదు. నడుం దగ్గరికి వచ్చేసరికి డాక్టరు చెయ్యి ఆగింది. ఎవరు చేశారని అడిగాడు. అరుణజ్యోతి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పింది. డాక్టరు అతని ముఖం చూడలేదు. కుక్కను పట్టుకున్న అతని చేతుల్ని చూశాడు.

ఆ తర్వాత అరబ్బీలో, అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. ఏదో బండి తగిలి నడుం వాచి ఉంటుంది. కొన్నాళ్ళకు దానంతట అదే తగ్గేది. కాల్చినందువల్ల జరిగింది ఏమీ లేదు, నొప్పి తప్ప.

రామాంజనేయులు తలూపాడు. ఆ రోజు వాత పెట్టినప్పుడు అది ఒక్క అరుపు అరిచి, పారిపోలేక, తిరిగి తన ఒళ్ళోనే తల పెట్టుకుంది. మూడోనాడు లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ దాన్ని తనే లేపాననుకున్నాడు.

బయట టైర్ల దుకాణం పక్కన కారు. దొరసాని లోపలికెక్కి అద్దానికి ముక్కు ఆనించింది. అరుణజ్యోతి రెండు కాగితపు గ్లాసుల్లో చాయ్ తెచ్చి ఒకటి అతనికిచ్చింది.

"అమ్మా, ఆ వీడియోలో నేను రొట్టె ఇసిరేది యాడికి పోయింది?"

ఆమె గ్లాసు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

"చూసినావా?"

"అందరూ చూసినారు. నేనే ఆకర్న చూసినా."

"మొగం కనపడకుండా చేసినాను కదన్నా."

"స్వెట్టరు కనపడతాంది గదా తల్లీ. నువ్వొస్తాండావని మార్చుకున్నే స్వెట్టరు."

ఆమె గ్లాసు కారు మీద పెట్టింది.

"అన్నా, దాని ఫోటోలు ఎన్ని పెట్టినానో నీకు తెల్దు. నీ కాళ్ళ మీద పండుకున్నేది పెట్టినా. గొర్రెపిల్లతో ఆడుకునేది పెట్టినా. బాగుండాదని లైకులు నొక్కినారు, పోయినారు. ఒక్కరూ తీసుకుంటామనలేదు. ఇట్లాటి ఎడారి కుక్కలు వందలుండాయి. సుఖంగా ఉండేదాన్ని ఎవురు తీసుకుంటారు చెప్పు? ఇది పెట్టిన రోజే కెనడా ఆమె ఏడ్చుకుంటా ఫోన్ చేసింది."

"హింసించినాడని రాసినావంటనే."

"కాల్చింది నిజమా కాదా?"

"నిజమే."

"మరి?"

అతను చాయ్ వైపు చూస్తూ నిలబడ్డాడు. "నువ్వు మన పక్క దానివని చెప్పుకున్నానమ్మా. మీ తాత పెట్టేవాడంటివే. నాకు తెలిసింది చేసినానంటివే. ఆ మాట నీ దగ్గరే పెట్టుకోని, ఈ మాట వాళ్ళకి చెప్పినావు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఫోను తీసింది. "సరే, ఇప్పుడే ఆమెకు రాస్తా. పగతో కాదు, నాటుమందని పెట్టినాడని రాస్తా. ఆమె వద్దంటే ఏం చేద్దాం? షెల్టర్లో చోటు లేదు. మీ బాబా ఎట్లాటోడో నాకంటే నీకే తెలుసు. చెప్పన్నా, రాయమంటావా?"

అద్దం మీద దొరసాని ఊపిరి పొగలా కమ్మి, కరిగిపోయి, మళ్ళీ కమ్ముతోంది.

రాయమనలేదు. వద్దనలేదు. చాయ్ ఇసుకలో పారబోసి, "బేస్తవారం నువ్వే పెట్టుకో దాన్ని పెట్టెలో," అన్నాడు.

*

గురువారం తెల్లారి ఎండ పొడవగానే షెల్టర్ వ్యాను వచ్చింది. అరుణజ్యోతితో పాటు ఇద్దరు పనివాళ్ళు దిగారు. ఒకడి చేతిలో చివర ఉచ్చు ఉన్న కర్ర. ఆమె రామాంజనేయులు దగ్గరికి రాలేదు. దూరం నుంచే చూసి, పెట్టెను వ్యాను నీడలో పెట్టించింది.

అతను తొట్టిలోకి నీళ్ళ గొట్టం వేసి నిలబడ్డాడు. గొర్రెలు తోసుకుంటూ మూతులు పెట్టాయి. పాత తొట్టి పగులులోంచి నీళ్ళు కారుతుంటే మడమతో ఇసుక నొక్కి పూడ్చాడు. వెనక పరుగుల చప్పుడు, కేకలు. ఒకసారి దొడ్డి చుట్టూ, ఒకసారి ఒంటెల కొట్టంలోకి. ఎవరో పడ్డారు. దేవన్న నవ్వి, వెంటనే నవ్వు ఆపుకున్నాడు.

"పోరాదే అన్నా. నువ్వు పిలిస్తె అయిపాయె."

"దాన్ని కాపాడేటోళ్ళు వాళ్ళు కదబ్బీ. కాపాడుకోనీ."

దేవన్న వచ్చి అతని చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు. తీసుకుని నీళ్ళు పడుతున్నాడే గాని అతన్ని పొమ్మనలేదు.

దొరసాని ట్యాంకరు కిందికి దూరింది. ఇద్దరూ రెండు పక్కలా చేరారు. ఉచ్చు దాని మెడకు పడి బిగిసింది. అది అరిచింది. ఆ అరుపు రామాంజనేయులు ఇంతకుముందు ఒకే ఒక్కసారి విన్నాడు. కొడవలి తన చేతిలోనే ఉంది అప్పుడు.

"ఇడిచిపెట్టండ్రా దాన్ని! ఛోడో! ఛోడో భాయ్!"

వాళ్ళు వదిలారు. అతను పెట్టెను వ్యాను దగ్గర్నుంచి మోసుకొచ్చి రోజూ ఉండే చోట పెట్టి, దాని వైపు వీపు పెట్టి ఇసుకలో కూర్చున్నాడు. అందర్నీ దూరం పొమ్మని చెయ్యి ఊపాడు. జేబులు తడుముకున్నాడు. అరుణజ్యోతి గాభరాగా, "తిండి పెట్టొద్దన్నా, విమానంలో కక్కుకుంటాది," అంది. జేబులో ఎలాగూ ఏమీ లేదు.

"దా," అన్నాడు, ఎటో చూస్తూ.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఇసుకలో అడుగులు. దొరసాని అతని భుజాన్ని ఒకసారి రాసుకుని, తానుగా, తలవంచుకుని పెట్టెలోకి నడిచింది. లోపల ఒకసారి తిరిగి, అతనికి ఎదురుగా పడుకుంది. అతను తలుపు మూశాడు. ఈసారి గడియ వేశాడు.

దొరసాని చువ్వల దగ్గరికి మూతి తెచ్చి రొట్టె కోసం చూసింది. అతను ఉత్త వేళ్ళు లోపలికి పెట్టాడు. వాటిని వాసన చూసింది. ఒక్కొక్క వేలే నాకింది. ఇంకా చూస్తోంది.

"ఈ పూట గొర్రెల్ని నువ్వు తోలుకో," అని దేవన్నతో చెప్పి, అతను వ్యాను వెనక పెట్టె పక్కన ఎక్కి కూర్చున్నాడు. అతన్ని ఎవరూ రమ్మనలేదు. ఎవరూ వద్దనలేదు.

*

విమానాశ్రయంలో బయలుదేరే చోట పెట్టెను తోపుడుబండి మీదికి ఎక్కించారు. గాలి చల్లగా వీస్తుంటే బండి తోసే బంగ్లాదేశ్ మనిషి తన మెడ గుడ్డ తీసి పెట్టె గాలివైపు చువ్వల మీద కప్పాడు. డబ్బుల కోసం ఆగలేదు. లోపలికి దారి చూపించి వెళ్ళిపోయాడు.

కుక్కను తీసుకెళ్ళే ప్రయాణికురాలు ఫర్హానా. మదనపల్లె అమ్మాయి, ఇక్కడ నర్సుగా పనిచేసి ఇప్పుడు కెనడాలో భర్త దగ్గరికి పోతోంది. కెనడా ఆమె ఉండేది ఆ ఊళ్ళోనే. అరుణజ్యోతి లోపల కౌంటరు దగ్గరికి పోయినప్పుడు, ఫర్హానా వంగి చువ్వల్లోంచి చూసింది.

"అయ్యో, బంగారం మాదిరి ఉంది గదన్నా. వీడియో చూసి రెండు రోజులు అన్నం పోలేదు నాకు. ఏ ఎదవన్నా వాడు? చేతులెట్లొచ్చినాయి వాడికి?"

"నువ్వు చూసిందే కదమ్మా. ఇవే చేతులు."

అతను మాటల్లో బరువేమీ పెట్టలేదు. అరచేతులు చాపి చూపించాడు, అంతే. ఫర్హానా నిలబడింది. ఆ చేతుల్ని, పెట్టెను, చువ్వల్లోంచి అతని చొక్కా అంచును పళ్ళతో పట్టుకున్న కుక్కను చూసింది.

అతను చెప్పాడు. కాళ్ళు పడిపోవడం, కొడవలి, మూడోనాడు లేవడం. డాక్టరు చెప్పింది కూడా దాచలేదు. "ఊరకే కాల్చినట్టే అయింది. తెల్దు నాకు," అన్నాడు.

ఫర్హానా పొట్ట మీద దుపట్టా పైనుంచి చెయ్యి పెట్టుకుంది. "మా జేజి నాకూ పెట్టిందన్నా, పసిబిడ్డప్పుడు. కడుపు ఉబ్బరించిందని. ఇప్పటికీ ఉన్నాయి." గొంతు తగ్గించింది. "ఆస్పత్రిలో అట్లాటి బిడ్డల్ని చూసినా. చచ్చిపోతారన్నా కొందరు. అది తప్పే. నీదీ తప్పే. గానీ మా జేజి నన్ను చంపాలని పెట్టలేదు. రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నెంట."

అరుణజ్యోతి కాగితాలతో వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి ఆగిపోయింది.

"కెనడా ఆమెకి నేను చెప్పేదా?" అంది ఫర్హానా.

లోపల గేట్ల పైన అక్షరాలు మారుతున్నాయి. ఏ విమానం ఎటో అతనికి తెలియదు.

"చెప్పు," అన్నాడు. "ఇప్పుడొద్దు. ఇది ఇల్లు చేరి, ఆమెకు అలవాటయినాంక చెప్పు. కాల్చింది ఫలానా రామాంజనేయులు అని పేరు పెట్టి చెప్పు. సాకింది గూడా వాడేనని చెప్పు. రెండూ చెప్పు. ఒకటి చెప్పేదైతే వద్దు."

అరుణజ్యోతి చేతిలో కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయింది. అవి ముందే సర్ది ఉన్నాయి.

చొక్కా అంచును దొరసాని పళ్ళలోంచి మెల్లగా విడిపించుకున్నాడు. బండి అద్దం తలుపులు దాటింది. అది అరుస్తుందని అతను చూశాడు. అరవలేదు. పెట్టెలో ఉన్నప్పుడు అరవకూడదని కూడా తనే నేర్పాడు.

*

ఆదివారం సాయంత్రం అతను ఒక గొర్రె కాలి గిట్టల మధ్య ఇరుక్కున్న రాయిని తీస్తున్నాడు. గొర్రెను పక్కకు పడుకోబెట్టి మోకాలితో అదిమిపట్టి, కత్తి మొనతో జాగ్రత్తగా మట్టి తొలుస్తుంటే ఫోను మోగింది. ఫర్హానా. వీడియో కాల్. ఫోనును గోతం మీద నిలబెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"అన్నా, నేను ఆమె ఇంట్లోనే ఉన్నా. దొరసాని వచ్చినప్పట్నుంచి ఏమీ తినలేదు. నీళ్ళు తాగుతాది, అంతే. సోఫా ఎనక్కి పోయి పడుకుంది. డాక్టర్ని పిలిచినారు. ఒంట్లో ఏమీ లేదంట."

"ఖుబ్బూసు నానబెట్టి..."

"అన్నీ పెట్టిందన్నా పాపం. అందుకే చెప్పేసినా నేను. అంతా చెప్పినా, రెండూ. ఆమె అడిగింది, ఆయన దీన్ని ఏమని పిలుస్తాడు అని. వీళ్ళు గ్రేస్ అని పిలుస్తాండారు, అది చెవి కూడా కదిలించదు. నిన్ను ఒకసారి పిలవమంటాంది. నీ గొంతు ఇంటే తింటాదేమోనని."

తెర మీద ఇంకో ముఖం వచ్చింది. నెరిసిన జుట్టు, ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళు. ఆమె ఏదో అంది. అందులో అతనికి తెలిసిన మాట ఒక్కటే. తన పేరు. కష్టపడి, ముక్కలు ముక్కలుగా, పూర్తిగా అంది.

కింద గొర్రె విడిపించుకోవాలని తన్నింది. అతను దాన్ని వదిలేశాడు.

ఫోనును సోఫా వెనక్కి తిప్పారు. గోడకూ సోఫాకూ మధ్య ఇసుకరంగు వీపు, ముడుచుకుని. అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. తను పిలిస్తే అది ఏమనుకుంటుందో అతనికి తెలుసు.

"పిలువన్నా," అంది ఫర్హానా.

"దొరసానీ."

చెవులు నిలబడ్డాయి.

"దొరసానీ, దా."

అది ఒక్క ఉదుటున లేచింది. ఫోను వైపు చూడనే లేదు. చెక్కనేల మీద కాళ్ళు జారిపోతుంటే గది దాటి పరుగెత్తింది. ఫర్హానా ఫోను పట్టుకుని వెంటపడింది. బొమ్మ ఊగిపోయి, నిలకడగా ఆగేసరికి దొరసాని వీధి తలుపు ముందర నిలబడి ఉంది. మూసిన తలుపు. ముక్కు దాని కింది సందుకు ఆనించి గాలి పీలుస్తోంది. ఒళ్ళంతా ఊగేలా తోక ఊపుతోంది.

"అక్కడ లేనే, నేను లేను," అన్నాడు రామాంజనేయులు. గొంతు వినపడేకొద్దీ అది తలుపును గోళ్ళతో గీకింది.

అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

కెనడా ఆమె పళ్ళెం తెచ్చింది. కుక్కను లోపలికి లాగలేదు, పిలవలేదు. తలుపు దగ్గరే నేల మీద కూలబడి, గోడకు వీపు ఆనించి, దాని వైపు చూడకుండా తన చేతులే చూసుకుంటూ కూర్చుంది. ఎవరు చెప్పారో ఆమెకు. ఎవరూ చెప్పి ఉండరు. కొంతసేపటికి దొరసాని తోక నెమ్మదించింది. తలుపును వదలకుండానే మెడ సాచి పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుంది. నమిలింది. తల ఎత్తి తలుపు చూసింది. ఇంకో ముక్క తీసుకుంది.

"తింటాందన్నా!" ఫర్హానా గుసగుసలాడింది. "ఆమె థాంక్స్ చెప్తాంది. రోజూ ఒకసారి ఇట్ల ఫోన్ చెయ్యచ్చా అని అడుగుతాంది."

అతను తెరకు దగ్గరగా వంగాడు. కుక్కకు వినపడకూడదని ఊపిరితో మాట్లాడినంత మెల్లగా మాట్లాడాడు.

"వద్దు తల్లీ. ఇంగ నన్ను పిలవమనద్దండి. ఆమెనే పిలుచుకోమను. ఏ పేరుతో పిలిచినా సరే."

ఫర్హానా ఏదో అనబోయింది. అతను ఎర్రగుర్తు నొక్కాడు. తర్వాత లేచి, కుంటుతూ మందలో కలిసిపోయిన గొర్రె కోసం, ఒక్కొక్క దాని కాళ్ళే చూసుకుంటూ లోపలికి నడిచాడు.